దేవత అని చెప్పి సరిపెట్టకండి

(ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకు వినపడుతోందా? ఒకసారి చెయ్యి ఊపండి. ఆ, సరే. నా గొంతు చిన్నది, మైకు కొంచెం దగ్గరకు లాక్కుంటాను.

నన్ను పిలిచినప్పుడు "అమ్మల గురించి, అమ్మమ్మల గురించి, వాళ్ల జ్ఞాపకాలు ఎలా దాచుకోవాలో చెప్పండి" అన్నారు. నేను రచయిత్రిని కాదు, చరిత్ర పాఠాలు చెప్పేదాన్నీ కాదు. పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు చెప్పింది రికార్డు చేసుకుని, దాన్ని కాగితం మీద పెట్టి వాళ్ల పిల్లల చేతికి ఇస్తుంటాను. అదే నా అర్హత. అందుకని పెద్ద ఉపన్యాసం ఏమీ ఆశించకండి. నాకు ఒక గొడవ ఉంది, చాలాకాలంగా నలుగుతున్న గొడవ, అది మీ ముందు పెట్టి వెళ్లిపోతాను.

మీరందరూ సంస్మరణ సభలకు వెళ్లినవాళ్లే. ఒక పెద్దావిడ పోయింది. పిల్లలు, మనవలు, మనవరాళ్లు, చుట్టుపక్కలవాళ్లు వచ్చారు. ఏం మాట్లాడతారు? "ఆవిడ దేవతండీ. ఓర్పులో భూదేవి. ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. తన కోసం ఏమీ దాచుకోలేదు, పిల్లల కోసమే బతికింది." అవునా కాదా? ఇవే మాటలు. ఇప్పుడు ఒక చిన్న పని చేయండి. ఆ ప్రసంగంలో ఆవిడ పేరు తీసేసి ఇంకో ఆవిడ పేరు పెట్టండి. ఏమైనా తేడా వచ్చిందా? రాలేదు. పక్క వీధి ఆవిడకూ సరిపోతుంది, పక్క దేశం ఆవిడకూ సరిపోతుంది. మరి అందరికీ సరిపోయే ప్రసంగం ఆవిడదెలా అవుతుంది?

పైగా పల్లెత్తు మాట అనలేదట! ఎనభై ఏళ్లు నలుగురి మధ్య సంసారం చేసిన మనిషి ఒక్కసారి కూడా ఎవర్నీ ఏమీ అనలేదంటే నమ్మమంటారా? నవ్వుతున్నారు, అంటే మీ ఇంట్లో అమ్మమ్మ బాగానే అన్నదన్నమాట. ఆ అన్న మాటే నాకు కావాలి. ఎవర్ని అంది, ఎందుకు అంది, అన్నాక రాత్రి నిద్రపోయిందా లేదా, అది. పొగడొద్దని నేననడం లేదు. ప్రేమ ఉంటే పొగుడుతాం, ఎందుకు పొగడం? కానీ దేవత అనేశాక ఇక ఆ మనిషి గురించి ఆలోచించాల్సిన పని ఉండదు మనకు. దండ వేసి పక్కకు జరిగిపోతాం. నా గొడవ అదే.

ఇది నేనొక్కదాన్నే అంటున్న మాట కాదు. లారెల్ థాచర్ ఉల్రిచ్ అని అమెరికాలో ఒక చరిత్రకారిణి ఉన్నారు. 1976లో ఆవిడ ఒక వ్యాసం రాశారు. అందులో ఒక వాక్యం చాలా పేరు తెచ్చుకుంది: "బుద్ధిగా నడుచుకున్న ఆడవాళ్లు చరిత్రకెక్కడం అరుదు." మీలో కొందరు టీషర్టు మీదో, కాఫీ కప్పు మీదో చూసి ఉంటారు. దాన్ని ఇప్పుడు అందరూ ఎలా వాడుతున్నారు? "అల్లరి చేయండమ్మా, అప్పుడే చరిత్రలో ఉంటారు" అన్నట్టు. ఆవిడ రాసిన సందర్భం అది కాదు. మూడు శతాబ్దాల కిందట అమెరికా ఈశాన్య మూలన ఉన్న న్యూ ఇంగ్లండ్‌ ప్రాంతంలో భక్తురాళ్లయిన ఆడవాళ్లు చనిపోతే పాస్టర్లు వాళ్ల మీద ప్రసంగాలు చేసి అచ్చు వేయించేవాళ్లు. ఉల్రిచ్ ఆ ప్రసంగాలు ముందేసుకుని చదివారు. ప్రార్థన చేసింది, ఓర్చుకుంది, భర్తకు తోడుగా ఉంది. మళ్లీ ప్రార్థన చేసింది, ఓర్చుకుంది. చూశారా, మన సంస్మరణ సభే! బుద్ధిమంతులన్న ఆ ఆడవాళ్లను పొగిడారు, పొగిడి మరిచిపోయారు. ఆవిడ బాధ అల్లరి గురించి కాదు, మరుపు గురించి.

సరే, మరి ఎలా గుర్తు పెట్టుకోవాలి? దానికి కూడా ఉల్రిచ్ గారి దగ్గరే ఒక కథ ఉంది. నేను ఎక్కడ మాట్లాడినా ఈ కథ చెప్తాను, ముందే విన్నవాళ్లు ఉంటే ఓపిక పట్టండి.

మార్తా బాలార్డ్ అని ఒకావిడ. 1735లో పుట్టింది. అమెరికాలో ఇప్పటి మెయిన్ రాష్ట్రంలో, కెన్నెబెక్ నది ఒడ్డున హాలోవెల్ అనే చిన్న ఊళ్లో ఉండేది. మంత్రసాని. తొమ్మిదిమంది పిల్లల తల్లి. 1769లో కంఠసర్పి వచ్చి, అదే డిఫ్తీరియా అంటామే అది, మూడు వారాల్లోపే ముగ్గురు కూతుళ్లు పోయారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, యాభయ్యో ఏట, 1785లో ఒక దినచర్య పుస్తకం మొదలుపెట్టింది. 1812లో పోయేదాకా, 27 ఏళ్ల పాటు రాస్తూనే ఉంది. దాదాపు పదివేల రోజుల రాత. మనలో ఎంతమంది జనవరి ఒకటిన డైరీ మొదలుపెట్టి పదో తారీకుకు ఆపేస్తామో చేతులెత్తమని అడగను లెండి.

అందులో ఏముంటుంది? వాన పడింది. ఎండ కాసింది. ఫలానా ఇంటికి కాన్పుకు వెళ్లాను, ఆడపిల్ల, ఇంత ఇచ్చారు. నది దాటాను. బట్ట నేశారు. తోటలో పని చేశాను. ఒళ్లు బాగా లేదు. ఇదే, రోజూ ఇదే. అందుకే అంతకుముందు ఆ పుస్తకం చూసినవాళ్లు పెద్ద విశేషమేమీ లేదని వదిలేశారు. రాజకీయం లేదు, యుద్ధం లేదు, ఒక ముసలావిడ ఇంటిపని, అంతేకదా అని. ఉల్రిచ్ మాత్రం ఆ విసుగు పుట్టించే రోజువారీతనంలోనే విషయం ఉందని పట్టుకున్నారు. లెక్క తీస్తే ఆ డైరీలో 816 కాన్పులున్నాయి. ఒక్కావిడ చేతుల మీదుగా! ఊళ్లో ఎవరి దగ్గర ఎవరు పని చేశారు, ఏ ఆడపిల్ల ఎవరింట్లో నేత నేసింది, ఎవరికి ఎవరు బాకీ, మగవాళ్ల పద్దుపుస్తకాల్లో కనపడని లోకం మొత్తం అందులో బయటపడింది. ఆ డైరీ మీద ఉల్రిచ్ రాసిన పుస్తకానికి 1991లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అక్కడ అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. పెళ్లికాని అమ్మాయి ప్రసవిస్తుంటే, నొప్పులు పడుతున్నప్పుడు మంత్రసాని ఆమెను బిడ్డ తండ్రి ఎవరని అడగాలి. ఆ సమయంలో అబద్ధం చెప్పదని నమ్మకం. ఆ మాటకు కోర్టులో విలువ ఉండేది. 1791 అక్టోబరులో శాలీ పియర్స్ అనే అమ్మాయి కాన్పుకు మార్తాను పిలిచారు. వెళ్లింది. అడగవలసిన ప్రశ్న అడిగింది. ఆ అమ్మాయి పేరు చెప్పింది. ఎవరి పేరు? మార్తా కొడుకు జొనాథన్ పేరు.

ఒక్కసారి ఆ గదిలో నిలబడి ఊహించుకోండి. చేతుల్లో ఇంకొకరి కూతురు నొప్పులతో మెలికలు తిరుగుతోంది, వినపడిన పేరు కన్నకొడుకుది. మనమైతే ఏం చేస్తాం? వినపడలేదంటాం. రాయకుండా వదిలేస్తాం. ఈవిడ ఇంటికొచ్చి తన కొడుకే తండ్రి అని ఆ అమ్మాయి చెప్పినట్టు డైరీలో రాసింది. ఏడ్చాననలేదు, సిగ్గుపడ్డాననలేదు. రాసింది, అంతే. కొద్ది నెలల తర్వాత వాళ్లిద్దరికీ పెళ్లయింది. ఆ కోడలితో, ఆ కొడుకుతో తర్వాత రోజుల్లో పడిన ఇబ్బందులు కూడా అందులో ఉన్నాయి. వయసు మీద పడ్డాక మొగుడు పన్ను బకాయిల కింద జైల్లో ఉంటే ఒంటరిగా నెట్టుకొచ్చిన రోజులూ ఉన్నాయి. చెప్పండి, ఇప్పుడు మీకు మార్తా ఎవరో తెలిసిందా లేదా? ఆవిడ దేవత అని నేను ఒక్కసారీ అనలేదు. అయినా ఆవిడ మీద మీకు గౌరవం పెరిగింది, మీ మొహాల్లో కనపడుతోంది.

ఇంకో ముక్క చెప్పి వదిలేస్తాను. ఆ డైరీ మనదాకా ఎలా వచ్చింది? చదువుకున్న దొరలెవరో కాపాడలేదు. ఇంట్లో ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు దాచారు. 1884లో అది మేరీ హోబర్ట్ అనే మునిమనవరాలి చేతికి, కచ్చితంగా చెప్పాలంటే మార్తా మనవరాలి మనవరాలి చేతికి వచ్చింది. ఆ ఏడాదే ఆ అమ్మాయి డాక్టరు చదువు పూర్తి చేసింది. ఆవిడా కాన్పులు చేసే డాక్టరే. 1930లో ఆ కాగితాలను మెయిన్ రాష్ట్ర గ్రంథాలయానికి ఇచ్చింది. ఇప్పుడు మనం గ్రంథాలయంలోనే కూర్చుని ఉన్నాం కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెప్తున్నాను, మీ ఇంట్లో ఉన్న కాగితాలు ఎవరికి ఇవ్వాలో ఒకసారి ఆలోచించండి.

"బాగానే ఉందమ్మా, మా అమ్మ డైరీ రాయలేదు కదా" అంటారు. నిజమే. చాలామంది అమ్మలు రాయలేదు. రాయడం రానివాళ్లున్నారు, వచ్చినా తీరిక లేనివాళ్లున్నారు, రాసుకుంటే ఎవరు చదువుతారోనని భయపడ్డవాళ్లున్నారు. అందుకే అడగాలి. నోటి మాటను రికార్డు చేసి చరిత్రగా దాచే పని ఒక పద్ధతిగా 1948లో కొలంబియా విశ్వవిద్యాలయంలో మొదలైంది, అలన్ నెవిన్స్ అనే చరిత్రకారుడు మొదలుపెట్టారు. మొదట ఎవర్ని అడిగారనుకున్నారు? అధికారుల్ని, పెద్ద పెద్ద పదవులు చేసినవాళ్లని. మామూలు మనుషుల దగ్గరకు, అందులోనూ ఆడవాళ్ల దగ్గరకు ఆ టేప్ రికార్డరు రావడానికి చాలా కాలం పట్టింది. మన దగ్గర 1980లలో స్త్రీ శక్తి సంఘటన అనే స్త్రీల సంఘం వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్లను వెతుక్కుంటూ వెళ్లి వాళ్ల మాటలు రికార్డు చేశారు. అంత పెద్ద పోరాటంలో ఉన్న ఆడవాళ్ల సంగతే అడిగితే తప్ప బయటికి రాలేదంటే, ఇంట్లో ఉన్న అమ్మ సంగతి ఎవరూ అడక్కుండా దానంతటది వస్తుందా?

అడిగితే ఏమంటారో మీకు తెలుసు. "నాదేముంది నాయనా చెప్పడానికి." ఎవర్ని అడిగినా ఇదే మొదటి మాట. చాలామంది పిల్లలు అక్కడే ఆగిపోతారు. పాపం అమ్మకు ఇష్టం లేదేమో అనుకుంటారు. ఇష్టం లేక కాదు. మీరు అడిగిన ప్రశ్న అలాంటిది. "నీ జీవితం గురించి చెప్పు" అంటే ఎవరు చెప్పగలరు? నన్నడిగితే నేనూ చెప్పలేను.

ఒక పెద్దావిడ దగ్గర కూర్చున్నాను, పేరు వద్దు. మనవడు ప్రశ్నలు రాసుకొచ్చాడు, మంచి కుర్రాడు, నీటుగా టైపు చేసుకొచ్చాడు. "మీరు ఎదుర్కొన్న సవాళ్లు ఏమిటి? మీ విలువలు ఏమిటి?" ఉద్యోగం ఇంటర్వ్యూ అనుకుందో ఏమో, ఆవిడ అన్నింటికీ "అంతా దేవుడి దయ" అంటూ కూర్చుంది. అప్పుడు ఆ అబ్బాయి చెల్లెలు లోపలి నుంచి పాత గ్రూప్ ఫొటో తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. మధ్యలో కూర్చున్న పెద్దవాళ్లను చూడలేదు, తనను తాను చూసుకోలేదు. ఫొటో ఎడమ అంచు మీద బొటనవేలు పెట్టింది. అక్కడ ఒక మోచెయ్యి ఉంది. మోచెయ్యి ఒక్కటే, మనిషి ఫొటోలో పడలేదు. "ఇది మా చిన్నక్క" అంది. "నా పక్కన నుంచోనని జరిగిపోయింది. దాని చదువు మాన్పించి నన్ను పంపారు బడికి. అదీ దాని కోపం."

ఆ చిన్నక్క ఒకావిడ ఉందన్న సంగతే మనవడికి తెలీదు. ఇక ఆ పూటంతా ఆవిడ ఆగలేదు. ఆ అక్క మళ్లీ ఎప్పుడు మాట్లాడింది, ఎవరి పెళ్లిలో మాట్లాడింది, పుస్తకం తెరిచినప్పుడల్లా తనకు ఏమనిపించేది, కూతుళ్లిద్దర్నీ చదివించి తీరాలని మొగుడితో ఎందుకంత పట్టుపట్టింది. ఆ చివరిది వింటుంటే ఆవిడ కూతురు గుమ్మం దగ్గర నిలబడిపోయింది. తన చదువు వెనక ఒక మోచెయ్యి ఉందని ఆవిడకు అప్పటిదాకా తెలీదు మరి.

కాబట్టి వస్తువు చూపించండి, చోటు గురించి అడగండి, పని గురించి అడగండి. చిన్నప్పుడు ఏ గదిలో పడుకునేదానివి? పక్కన ఎవరు? ఇంట్లో ఎవరి అడుగుల చప్పుడు వింటే భయం వేసేది? నీ సొంతంగా నీ చేతికి వచ్చిన మొదటి డబ్బు ఏం చేశావు? మొదటి బిడ్డ పుట్టినప్పుడు పక్కన ఎవరున్నారు? ఎవర్ని చూస్తే ఇప్పటికీ కోపం? ఇలాంటివి అడగండి. జవాబు వచ్చాక వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. ఊరుకోండి. ఆ ఊరుకోవడమే కష్టం మనకు. ఆవిడ ఆలోచిస్తోంది, మీరు కంగారుపడి నోరు తెరిస్తే ఆ వచ్చేది కాస్తా వెనక్కి పోతుంది.

"మా అమ్మమ్మ చెప్పిందే చెప్తుందండీ" అంటారు కదా. దాని గురించి ఒక మాట. ఒకప్పుడు డాక్టర్లు కూడా ముసలివాళ్లు పాత సంగతులు తవ్వుకుంటే చాదస్తం మొదలైందనే అనుకునేవాళ్లు. రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు 1963లో అలా కాదన్నారు. చావు దగ్గరపడిందని తెలిసిన మనిషి తన బతుకును మళ్లీ ఒకసారి ముందేసుకుని చూసుకుంటుంది, తేలని లెక్కలు తేల్చుకుంటుంది, అది సహజమైన పని, రోగం కాదు అన్నారు. ఇంకో సంగతి, పెద్దవాళ్ల జ్ఞాపకాలను పరిశోధించినవాళ్లు గమనించింది ఏమిటంటే, పదేళ్ల నుంచి ముప్పయ్యేళ్ల మధ్య జరిగినవి మిగతా వయసులకన్నా ఎక్కువగా గుర్తుంటాయి. అందుకే అరవయ్యేళ్ల కిందటి పెళ్లి గుర్తుంటుంది, పోయిన నెల పుట్టినరోజు గుర్తుండదు. మీ మీద ప్రేమ లేక కాదు, మనసు తీరే అంత. చెప్పిందే చెప్తుంటే "ఇది విన్నాం" అనకండి. వినండి, ఈసారి కొత్తగా ఏ ముక్క కలిసిందో, పోయినసారి ఉన్న ఏ ముక్క జారిపోయిందో చూడండి.

జారిపోవడం అంటే గుర్తొచ్చింది. జ్ఞాపకం మారుతుంది, ఇది ముందే ఒప్పుకుందాం. కేంబ్రిడ్జిలో బార్ట్‌లెట్ అనే సైకాలజిస్టు, 1932లో ఆయన పుస్తకం వచ్చింది, అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లీషువాళ్లకు చదవడానికి ఇచ్చి, మళ్లీ మళ్లీ చెప్పించి చూశారు. చెప్పేకొద్దీ కథ కురచైపోయింది, తమకు అర్థం కాని వింతలన్నీ పోయి, సీల్ జంతువుల వేట మామూలు చేపల వేట అయిపోయింది. ఇంటి కథలూ అంతే. చేతులు మారేకొద్దీ ఏటి రాయిలా నున్నగా అయిపోతాయి. నున్నగా ఉన్న కథ వినడానికి బాగుంటుంది, కానీ ఆవిడ గరుకు అంతా అందులో పోయినట్టే. అందుకే ఆవిడ నోటి నుంచే, ఆవిడ మాటల్లోనే పట్టుకోమని ఇంతలా అంటున్నాను.

ఇంకో చిక్కు ఉంది. నలుగురు పిల్లలుంటే నలుగురికీ నాలుగు అమ్మలు. పెద్దకొడుకుకు తెలిసిన అమ్మ పాతికేళ్లది, డబ్బు లేదు, అత్తగారి కింద ఉంది, చెయ్యి చేసుకునేది. ఆఖరి కూతురికి తెలిసిన అమ్మ నలభయ్యేళ్లది, నవ్వుతుంది, ముద్దు చేస్తుంది. సంస్మరణ సభలో ఇద్దరూ మాట్లాడితే ఒకడు "అమ్మ కఠినం" అంటాడు, ఇంకొకామె "అదేంటన్నయ్యా, అమ్మ ఎప్పుడైనా నిన్ను కొట్టిందా!" అంటుంది. గొడవలైపోతాయి. చూశాను నేను, నిజంగా గొడవలైపోతాయి. దయచేసి తీర్పు చెప్పకండి. రెండూ రాసుకోండి, ఎవరు చెప్పారో పక్కన పేరు రాసుకోండి. ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

మనవలకు వచ్చేసరికి ఇంకా మారిపోతుంది. అమ్మగా ఉన్నప్పుడు అరిచిన మనిషే అమ్మమ్మ అయ్యాక మెత్తబడిపోతుంది. "మమ్మల్ని ఇలా పెంచలేదే నువ్వు" అని ప్రతి కూతురూ అనే ఉంటుంది. ఆ ముందు వరసలో ఒకావిడ తలూపుతున్నారు.

అమ్మమ్మ అన్నది శాస్త్రవేత్తలకు కూడా పెద్ద ప్రశ్నే. పిల్లల్ని కనే వయసు దాటాక ఇన్నేళ్లు బతకడం జంతువుల్లో చాలా అరుదు, కొన్ని తిమింగలాల్లో ఉంది. మనుషుల్లో ఎందుకుంది? క్రిస్టెన్ హాక్స్ అనే మానవశాస్త్రవేత్త, ఆవిడతో పనిచేసినవాళ్లు టాంజానియాలో వేటాడి, దుంపలూ పళ్లూ ఏరుకుని బతికే హాడ్జా అనే తెగవాళ్ల మధ్య ఉండి చూస్తే, నేలలోంచి దుంపలు తవ్వే కష్టమైన పని ముసలావిడలు బాగా చేస్తున్నారు, కొత్త బిడ్డ పుట్టినప్పుడు పాలు మానిన పిల్లల తిండి ఆ అమ్మమ్మ చేతి మీద ఆధారపడుతోంది. తర్వాత 2004లో ఫిన్లండ్, కెనడాల పాత చర్చి రిజిస్టర్లు తిరగేసినవాళ్లు ఇంకో లెక్క తేల్చారు. యాభై దాటాక ఆడమనిషి బతికిన ప్రతి పదేళ్లకూ సగటున ఇద్దరు మనవలు అదనంగా ఉన్నారు. పుట్టుక, పెళ్లి, చావు, ఈ మూడు ముక్కలే ఉన్న రిజిస్టర్లలోంచి ఇంత సంగతి వచ్చింది చూడండి.

వినడానికి సంతోషంగానే ఉంటుంది. కానీ నాకు ఒక పేచీ ఉంది. అమ్మమ్మ ఎందుకు పనికొస్తుంది అన్న ప్రశ్న శాస్త్రానికి సరే, మనకు చాలదు. మనవల్ని పెంచింది, బాగుంది. మరి ఆవిడకు ఏం కావాలనిపించేది? ఒంటరిగా ఉన్నప్పుడు ఏం చేసేది? ఎవర్నీ కనకముందు ఆవిడ ఒక పిల్ల కదా, ఆ పిల్లకు ఏం ఇష్టం? ఇప్పుడు ఇక్కడున్నవాళ్లలో మీ నానమ్మకు ప్రాణస్నేహితురాలు ఎవరో చెప్పగలిగినవాళ్లు చెయ్యెత్తండి. చూడండి, ఎన్ని చేతులు లేచాయో మీరే చూడండి. తాతగారి స్నేహితులెవరని అడిగితే హాలంతా లేచేది.

కష్టాలు, పరువు విషయాలు పిల్లలకు చెప్పాలా అని చాలామంది అడుగుతారు. అట్లాంటాలో ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అని ఇద్దరు సైకాలజిస్టులు పిల్లల్ని ఇరవై ప్రశ్నలు అడిగారు. మీ అమ్మానాన్నలు ఎలా కలిశారో తెలుసా, అమ్మమ్మ ఎక్కడ పెరిగిందో తెలుసా, ఇంట్లో జరిగిన ఏదైనా పెద్ద కష్టం గురించి తెలుసా, ఇలాంటివి. ఎక్కువ తెలిసిన పిల్లలకు తమ మీద తమకు నమ్మకం ఎక్కువగా కనపడింది. ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టిస్తే లాభం లేదు, ఆ కథలు చెప్పుకుంటూ కూర్చునే ఇల్లు కావాలి అని వాళ్లే అన్నారు. ఇంకోటి, "మనం ఎప్పుడూ పైకే ఎదిగాం" అనే కథకన్నా "పడ్డాం, లేచాం, మళ్లీ పడ్డాం, అయినా కలిసే ఉన్నాం" అనే కథ పిల్లలకు మేలు చేస్తుందన్నారు. కాబట్టి చెప్పండి. వయసు చూసి చెప్పండి.

అయితే ఆవిడ "ఇది రాయొద్దు" అంటే రాయకండి. వాదించకండి. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఆవిడ బతుకు ఆవిడది, మీకు మంచి కథ దొరికిందని మీది అయిపోదు. రికార్డరు ఆపేసి వినండి, విని ఊరుకోండి. కొందరికి చెప్పుకోవడమే కావాలి, దాచడం అక్కర్లేదు.

పని ఎలా చేయాలో గబగబా చెప్పేస్తాను, టైమ్ చూస్తున్నారు నిర్వాహకులు. ఫోను చాలు, పెద్ద సామాను వద్దు. కాల్స్ రాకుండా పెట్టుకోండి, ఫ్యాను కింద కూర్చోకండి, రికార్డింగులో ఫ్యానే మాట్లాడుతుంది. మొదట తేదీ, ఎవరు మాట్లాడుతున్నారో మీ గొంతుతో చెప్పండి. ముప్పావుగంట మించొద్దు, అలసిపోతారు. అమెరికాలో 2003లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్‌లో ఒక చిన్న గది కట్టి స్టోరీకోర్ అని మొదలుపెట్టారు, ఇద్దరు మనుషులు లోపలికి వెళ్లి మాట్లాడుకుంటారు, నలభై నిమిషాలు. ఆ రికార్డింగులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దాస్తారు. నలభై నిమిషాల్లో మనుషులు ఎంత దూరం వెళ్తారో వింటే ఆశ్చర్యం వేస్తుంది.

రాసేటప్పుడు ఆవిడ భాష దిద్దకండి. "వెళ్లితిని" అంటే "వెళ్లితిని" అనే ఉండాలి. బూతు తిడితే బూతే ఉండాలి. నవ్వకండి, ఆవిడ గొంతు అందులోనే ఉంది. పాత ఫొటోల వెనక పేర్లు మెత్తటి పెన్సిలుతో, అంచు దగ్గర, తేలిగ్గా రాయండి. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే అచ్చు ముందుకు తేలుతుంది. రికార్డింగు ఒక్క ఫోనులో ఉంటే లేనట్టే లెక్క, ఇద్దరి దగ్గర కాపీలుండాలి.

ఆవిడ ఇప్పటికే పోయి ఉంటే? అప్పుడు కూడా చాలా ఉంది. ఆవిడ వయసువాళ్లు ఇంకా ఎవరున్నారో చూడండి, చెల్లెలు, తోటికోడలు, పక్కింటావిడ, ఆవిడతో కలిసి పని చేసినవాళ్లు. ముందు వాళ్ల దగ్గరకు వెళ్లండి, కాగితాలు ఎక్కడికీ పోవు. తోటికోడళ్ల దగ్గర పొగడ్త దొరకదు, మనిషి దొరుకుతుంది.

అయిపోయింది నాది. ఏమన్నా అడుగుతారా? ఆ, చెప్పండమ్మా. మైకు ఇవ్వండి ఆవిడకు.

ప్రశ్న అందరికీ వినపడిందా? ఆవిడ ఏమంటున్నారంటే, వాళ్ల అమ్మగారికి మతిమరుపు జబ్బు, డాక్టర్లు అల్జీమర్స్ అన్నారు, కూతుర్ని కూడా ఒక్కోసారి గుర్తుపట్టడం లేదు, ఇప్పుడు అడిగి ఏం లాభం అని. అమ్మా, లాభం ఉంది. ఆ జబ్బులో సాధారణంగా ఈమధ్యవి ముందు పోతాయి, చిన్నప్పటివి ఎక్కువకాలం ఉంటాయి. కాకపోతే ప్రశ్న అడగొద్దు. "నేనెవరో చెప్పు, ఇదెవరో గుర్తుందా" అని పరీక్షలు పెట్టొద్దు, చెప్పలేకపోతే ఆవిడకు టెన్షన్, మీకు ఏడుపు. పాత వస్తువు చేతిలో పెట్టండి, ఆవిడ వయసులో ఉన్నప్పటి పాట పెట్టండి, పక్కన కూర్చోండి. ఏదో ఒకటి అంటుంది. మిమ్మల్ని వాళ్ల అక్క అనుకుని మాట్లాడితే కాసేపు అక్కగానే ఉండండి, అక్కతో ఎలా మాట్లాడేదో మీకు తెలిసేది అప్పుడే. పేర్లు, తేదీలు తప్పు చెప్తే దిద్దొద్దు. ఆ రోజు ఏమందో ఇంటికెళ్లి తేదీ వేసి రాసి పెట్టుకోండి, మీ అన్నదమ్ములకు చూపించండి, వాళ్లకు దాని ముందో వెనకో తెలిసి ఉండొచ్చు.

ఇంకా ఇద్దరు చేతులెత్తారు కానీ హాలు ఖాళీ చేయాలంటున్నారు. కిందకు రండి, వరండాలో మాట్లాడుకుందాం. ఫొటోలు తెచ్చుకున్నవాళ్లు ముందు రండి, చూస్తాను.